ఎడమచేతి గిటారుకు నేనిచ్చిన సర్టిఫికెట్

1994 ఫిబ్రవరిలో నన్ను విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర విభాగం వర్క్‌షాపులో మెకానిక్ గ్రేడ్ వన్ నుంచి టెక్నికల్ అసిస్టెంటుగా చేశారు. అప్పటికి ఆ రేకుల షెడ్డులో నా సర్వీసు ఇరవై రెండేళ్ళు. ఆ పోస్టుకు ఐటీఐ సర్టిఫికెట్ ఉండాలంటారు. నాకు లేదు. ఏడో తరగతిలో బడి మానేశాను. లేతు పని పక్కవాడి చేతులు చూసి నేర్చుకున్నాను. డ్రాయింగు చదవడం విభాగం లైబ్రరీలోని పాత పుస్తకాలతో నేర్చుకున్నాను. వర్క్‌షాపు మనుషులకు లైబ్రరీ కార్డు ఇవ్వరు కనుక, మధ్యాహ్నం అన్నం వేళ అటెండరు దయతో గుమ్మం పక్కన నిలబడి చదివాను. అర్హత లేదని నా ఫైలును ఆరేళ్ళు ఆపారు. ఆ ఆరేళ్ళలో నేను చేసిచ్చిన పరికరాలతో ఎవరెవరు డాక్టరేట్లు తెచ్చుకున్నారో పేర్లతో సహా చెప్పగలను. ఇక్కడ ఆ పని పెట్టుకోను.

వర్క్‌షాపు ఎలా నడుస్తుందో తెలియనివారికి రెండు మాటలు. పరిశోధన చేసేవాళ్ళు తమకు కావలసిన సామానుకు బొమ్మ గీసుకొని వస్తారు. దానికి జాబ్ కార్డు అనే అర ఠావు ఫారం జతచేయాలి. పని ఎవరిది, ఏమి చేయాలి, ఏ లోహం, విభాగాధిపతి సంతకం, అడుగున పని చేసేవాడి సంతకం. ఈ గడులు నిండకుండా ఎవరూ మిషను ఆన్ చేయకూడదు. బొమ్మలు గీసే పెద్దవాళ్ళతో నాకు ఎప్పుడూ పేచీయే. స్పానరు దూరని మూలలో బోల్టు గీస్తారు. చెయ్యి పట్టని డబ్బాలో వాల్వు గీస్తారు. ఆ పరికరాన్ని రోజూ విప్పి బిగించే ల్యాబ్ అటెండరును ఒక్క మాట అడగరు. ఈ సంగతి నేను షెడ్డులో రోజుకు ఒకసారైనా గట్టిగా అనేవాణ్ణి.

టెక్నికల్ అసిస్టెంటుకు ఇంకో అధికారం ఉంటుంది. యూనివర్సిటీ ఏదైనా యంత్రం కొనే ముందు అది పనికి సరిపోతుందో లేదో రాసి సంతకం పెట్టడం. కాగితాల్లో దాని పేరు సాంకేతిక అభిప్రాయం. మేము సర్టిఫికెట్ అనేవాళ్ళం. అంతకు ముందు ఆ సంతకం మా సూపరింటెండెంటు మూర్తిగారొక్కరే పెట్టేవారు. డిప్లొమా చదివిన మనిషి, కాకినాడ వైపువారు. కోపం లేదు కానీ నోరు ఊరుకోదు. నా ఆర్డరు చేతికిస్తూ, "ఇహ నీ తప్పులకి నువ్వే సంతకం పెట్టుకోవచ్చయ్యా సత్తయ్యా, నా ప్రాణం హాయి," అన్నారు.

నేను పెట్టిన మొదటి సంతకం ఒక గిటారు గురించి.

మార్చి మొదట్లో సాంస్కృతిక కార్యక్రమాల కోఆర్డినేటరు దగ్గరి నుంచి జాబ్ కార్డు వచ్చింది. ఆయన ఇంగ్లీషు విభాగంలో రీడరు, అంటే లెక్చరరుకు పైన, ప్రొఫెసరుకు కింద. విద్యార్థుల వాద్యబృందానికి ఒక ఎలక్ట్రిక్ గిటారు మంజూరైంది. దాన్ని వాయించవలసిన అమ్మాయిది ఎడమచేతివాటం. ఎడమచేతి గిటారు కోసం వాళ్ళు ఊరంతా తిరిగినా దొరకలేదు. సికింద్రాబాదులో ఒక దుకాణం వాళ్ళు రెండు రకాల కుడిచేతి గిటార్లు పంపారు. వారం లోపల ఒకటి ఉంచుకొని రెండోది ఉన్నదున్నట్టు తిప్పి పంపాలి. గీత పడినా, స్క్రూ దిగినా వెనక్కి తీసుకోరు. రెండిట్లో ఏది ఎడమచేతికి అనువుగా మారుతుందో తేల్చి, ఆ మార్పులు చేసివ్వడం మా పని. శనివారం ఉదయం సెలెక్షన్. ఆ గిటారుతో వాయించి చూపిస్తేనే అమ్మాయి బృందంలో ఉంటుంది, లేకపోతే ఆ చోటు కుడిచేతితో వాయించే ఇంకొక విద్యార్థికి పోతుంది. కార్డు అడుగున ఆ మాట కూడా రాసి ఉంది. అమ్మాయి పేరు కరుణ, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ.

నేనూ ఎడమచేతివాణ్ణే. మౌలాలి బడిలో పంతులు నా ఎడమచేతి వేళ్ళ మీద స్కేలు అంచుతో కొట్టేవాడు. బడి మానడానికి అదొక కారణం. వర్క్‌షాపులో ఏ మిషనూ నా చేతికి చేసింది కాదు. లేతు చక్రాలు, డ్రిల్లు పిడి, రేకు కత్తెర, అన్నీ కుడిచేతివే. వెర్నియర్ అని కొలత పరికరం ఉంటుంది, జారే దవడలున్న ఉక్కు స్కేలు. దాన్ని ఎడమచేత్తో పట్టుకుంటే అంకెలు తలకిందులుగా కనిపిస్తాయి. ఇరవై రెండేళ్ళు నేను అంకెలను తలకిందులుగానే చదివాను. ఒకసారి మా విభాగానికి వచ్చిన విదేశీ శాస్త్రవేత్త, ఆయనా ఎడమచేతివాడే, వెళ్ళిపోతూ ఎడమచేతి వెర్నియర్ ఒకటి నాకిచ్చి పోయాడు. షెడ్డుకు వచ్చిన ప్రతివాడికీ డ్రాయరు తెరిచి దాన్ని చూపించేవాణ్ణి. మా బోటివాళ్ళ కోసం కూడా సామాను చేసే దేశాలున్నాయని చెప్పేవాణ్ణి.

కనుక ఆ జాబ్ కార్డును నేను మిగతా కార్డుల్లా చూడలేదు. నాకు జరిగింది ఈ అమ్మాయికి జరగకూడదని పట్టుదల పెట్టుకున్నాను.

బెంచీ మీద దుప్పటి పరిచి రెండు గిటార్లనూ పడుకోబెట్టాను. సంగీతం నాకు తెలియదు. వస్తువులుగానే చూశాను. ఒకటి రెండు కొమ్ములది. మెడ వచ్చి బాడీలో కలిసే చోట పైనా కిందా చెక్కను లోపలికి కోసి, రెండు వైపులా కొమ్ముల్లా వదిలారు. పలచగా, తేలిగ్గా ఉంది. వాయించేవాళ్ళ డొక్కకు ఒత్తుకోకుండా వెనక పై అంచును ఏటవాలుగా చెక్కారు. రెండోది ఒంటికొమ్ముది. కింది వైపు మాత్రమే కోత, పై భుజం నిండుగా గుండ్రంగా ఉంది. మందం ఎక్కువ, బరువు ఎక్కువ, అంచులు చుట్టూ నిలువుగా ఉన్నాయి.

ఎడమచేతివాళ్ళు పట్టుకోవాలంటే గిటారును తిరగేయాలి. ఒంటికొమ్ముదాన్ని తిరగేస్తే కోత పైకి పోతుంది, నిండు భుజం కిందికొచ్చి చేతికి అడ్డం పడుతుంది. బాడీ దగ్గరి మెట్లకు వేళ్ళు అందవు. మెట్లంటే వీణకు ఉన్నట్టే, మెడ మీద అడ్డంగా దిగేసిన లోహపు కమ్మీలు. నా చేతితో పట్టి చూస్తే ఒంటికొమ్ముదానిలో చివరి ఆరు మెట్లు అందలేదు. రెండు కొమ్ములదానిలో అన్నీ అందాయి. కోఆర్డినేటరుగారు మాత్రం ఒంటికొమ్ముది స్టేజీ మీద దర్జాగా ఉంటుందన్నారు. దర్జాను ఏ స్కేలుతో కొలవాలని అడిగాను. బొమ్మలతో సహా మూడు పేజీల అభిప్రాయం రాసి, రెండు కొమ్ములదే అనువైనదని సంతకం పెట్టాను.

పని మొదలుపెట్టే ముందు మూర్తిగారు అమ్మాయిని ఒకసారి పిలిపించమన్నారు. "పరీక్షలల్ల ఉన్నదంట సార్. అయినా ఎడమచేయి సంగతి నాకు తెల్వదా?" అన్నాను. కెమిస్ట్రీ విభాగం మా షెడ్డుకు పది నిమిషాల నడక. నేను వెళ్ళలేదు.

నా లెక్కలో ఎడమచేతి గిటారంటే కుడిచేతి గిటారుకు అద్దంలో కనబడే నీడ. తిరగేసినప్పుడు తీగల వరస కూడా తిరగబడుతుంది, లావు తీగ కిందికీ సన్న తీగ పైకీ పోతుంది. కాబట్టి తీగలన్నీ ఊడదీసి, లావుది మళ్ళీ పైకి వచ్చేలా వరస మార్చాలి. మెడ చివర తీగలు కూర్చునే గాళ్ల పట్టీ ఒకటి ఉంటుంది. లావు తీగకు వెడల్పు గాడి, సన్నదానికి ఇరుకు గాడి. వరస మారితే అదీ మారాలి. పాతదాన్ని వేడి చేసి తీస్తుంటే రెండు ముక్కలైంది. ఇత్తడితో కొత్తది చేశాను. గిటారు తిరగేస్తే సౌండు మీటలు మోచేతి కిందికి వస్తాయి కనుక వాటికి కింది వైపు కొత్త గుంట తొలిచాను. వైరు గుచ్చే సాకెట్‌కు ఒక రంధ్రం, భుజం పట్టీ కొక్కేనికి ఇంకో రంధ్రం. నాలుగు రోజులు పట్టింది. నా సర్వీసులో అంత శుభ్రంగా చేసిన పనులు ఎక్కువ లేవు.

గురువారం మధ్యాహ్నం కరుణ వచ్చింది. సన్నగా, పొట్టిగా, చేతి వేళ్ళ మీద యాసిడ్ మచ్చలతో ఉంది. జనగామ దగ్గరి పల్లె తనది, చర్చిలో పాటలకు గిటారు వాయిస్తూ నేర్చుకుందట. రెండు చేతులతో గిటారు తీసుకొని ఒకసారి వేళ్ళు ఆడించింది, ఆగింది. మళ్ళీ ఆడించింది. వినడానికి నాకే బాగాలేదు.

"సార్, తీగలు ఎందుకు తిప్పిండ్రు?" అంది.

ఎడమచేతికి అలాగే ఉండాలని చెప్పాను.

"నాకు సన్న తీగ పైన, లావు తీగ కింద ఉండాలె సార్. మా చర్చిల ఒక్కటే గిటారు ఉండె. అందరూ కుడిచేతోల్లే. నా కోసం తీగలు ఊడదీస్తరా? గోడకున్నది తీసి తిప్పి పట్టుకొని వాయించేదాన్ని, మల్ల అట్లనే గోడకు పెట్టేదాన్ని. తొమ్మిదేండ్లు గట్లనే వాయించిన."

అది తప్పు పద్ధతి అన్నాను. ఇంతకాలం కుడిచేతివాళ్ళ కోసం సర్దుకున్నావు, ఇది నీ చేతికి సరిగా చేసింది, కొన్నాళ్ళు కష్టపడితే అలవాటవుతుందని చెప్పాను. శనివారానికి ఇంక ఒక్క రోజు ఉందని ఆమె గుర్తుచేసింది. నాకు కోపం వచ్చింది. తీగల మధ్య ఎడం పదో వంతు మిల్లీమీటరు కూడా తేడా లేదని చూపిద్దామని వెర్నియర్ తీసి కొలిచి అంకె చదివాను.

ఆమె మెడ వంచి చూసింది. "అంకెలు ఉల్టా ఉన్నయి కద సార్, ఎట్ల చదివిండ్రు?"

ఎడమచేతివాణ్ణి కనుక ఇలాగే చదవడం అలవాటైందన్నాను. ఎప్పటిలాగే డ్రాయరు తెరిచి ఎడమచేతి వెర్నియర్ చూపించి, ఇటువంటివి కూడా చేస్తారని చెప్పాను.

"మరి దీంతోని ఎందుకు కొలవలే?"

ఆ మాట అంతకు ముందు ఎవరూ అడగలేదు. ఆ వెర్నియర్ వచ్చిన కొత్తలో రెండు రోజులు వాడాను. అంకెలు నిటారుగా ఉంటే నేను తడబడ్డాను. ఒక షాఫ్టును కొలత తప్పి తక్కువకు కోసేశాను, అది తుక్కులోకి పోయింది. అప్పటి నుంచి అది డ్రాయరులోనే ఉంది. ఆమెకు అబద్ధం చెప్పలేక ఉన్నది చెప్పాను.

కరుణ నవ్వింది. "అంటే మీకు ఆల్రెడీ ఎరుకే కద సార్!"

దుప్పటి మీద మిగిలి ఉన్న ఒంటికొమ్ము గిటారు తీసి ఆమె చేతికిచ్చాను. కుర్చీ జరిపితే వద్దని, గచ్చు మీద పాత న్యూస్‌పేపరు పరుచుకొని బాసింపట్టు వేసుకొని కూర్చుంది. వాళ్ళ చర్చిలో అందరూ చాప మీదే కూర్చుంటారట. నిలబడి వాయించడం ఆమెకు రాదు. గిటారు తిప్పి తొడ మీద పెట్టుకుంది. నిలువు అంచు కనుక అది కదలకుండా కూర్చుంది. వాయించింది. షెడ్డులో లేతు ఆపేసి ఇద్దరు దగ్గరికొచ్చారు. నేను ఆమె కుడిచేతి వేళ్ళనే చూస్తున్నాను. మెడ పైభాగంలోని ఏడు మెట్లు దాటి ఒక్కసారి కూడా కిందికి రాలేదు. ఏ ఆరు మెట్లు అందవని నేను మూడు పేజీలు రాశానో, ఆ మెట్లతో ఈ అమ్మాయికి పనే లేదు. మోచేయి తగిలి మీట తిరిగిపోతున్నది ఒకటే దానిలో లోపం.

తర్వాత రెండు కొమ్ములదాన్ని అలాగే తొడ మీద పెట్టి చూసింది. తిరగేసినప్పుడు ఆ ఏటవాలు అంచు కిందికొచ్చింది. గిటారు తొడ మీది నుంచి మాటిమాటికీ జారింది.

నీకు ఏది కావాలని అప్పుడు అడిగాను. కార్డు వచ్చిన రోజు అడగవలసిన మాట. ఆమె రెండిటి వైపూ కాసేపు చూసి ఒంటికొమ్ముది చూపించింది. అది రేపు సాయంత్రం దుకాణానికి పోవాలని, రెండోదాన్ని వాళ్ళు ఇక తీసుకోరని, మంజూరైంది ఒక్కటేనని చెప్పాను.

"గీ బొక్కలు కొట్టినందుకా?" అని సాకెట్ రంధ్రం మీద వేలు పెట్టింది.

అవునన్నాను. కరుణ లేచి బట్టలు దులుపుకుంది. "సరే సార్. రేపు పొద్దుగాల వస్త. దీన్నే మల్ల చేయుండ్రి. ఈసారి నేను గీడనే కూసుంట," అంది.

ఆ సాయంత్రమే నా అభిప్రాయాన్ని ఉపసంహరించుకుంటూ కాగితం రాశాను. వాయించే విద్యార్థినిని చూడకుండా అభిప్రాయం ఇచ్చాను, అది తప్పు, జరిగిన మార్పులకు బాధ్యత నాదే అని రాశాను. మూర్తిగారు చదివి కళ్ళజోడు తీశారు. "మూడు పేజీలు రాసి మూడు ముక్కల్లో కొట్టేశావేంటయ్యా. ఇన్నాళ్ళూ ప్రొఫెసర్లని తిట్టావు, వాడేవాణ్ణి అడక్కుండా గీస్తారని. ఇవాళ నువ్వూ ప్రొఫెసరువయ్యావు," అన్నారు. పై అధికారికి పంపే చోట ఆయన సంతకం పెట్టి, "ఆ పిల్ల పని ముందు చూడు, ఇది తర్వాత చూసుకుందాం," అని కాగితాన్ని సొరుగులో పెట్టుకున్నారు. పంపారు, కానీ సోమవారం.

నేను తార్నాకలో ఒక ఇంటి వెనక పోర్షన్‌లో ఉండేవాణ్ణి. గాళ్ల పట్టీకి ఈసారి ఇత్తడి వద్దనుకున్నాను, గట్టిగా ఉండి ఆకురాయికి తొందరగా లొంగేది కావాలి. ఇంటికి పోతూ తార్నాక చౌరస్తాలో ఆటవస్తువుల దుకాణం దగ్గర బస్సు దిగి ఒక క్యారమ్ స్ట్రైకరు కొన్నాను. శుక్రవారం పొద్దున్న దాన్ని కోసి పట్టీ చేశాను. కరుణ న్యూస్‌పేపరు మీద కూర్చొని ఒక్కొక్క తీగ వేసి చూసి, "ఇంకొంచెం లోతు", "చాలు సార్, ఆగుండ్రి" అంటుంటే గాళ్లు తీశాను. జారే అంచుకు టేకు ముక్కను చెక్కి, అడుగున సైకిల్ ట్యూబు రబ్బరు అంటించి, రెండు స్క్రూలతో బిగించాను. దుకాణం ఎలాగూ తీసుకోదు కనుక స్క్రూలకు భయపడే పని లేదు. ఆ టేకు ముక్కను మూడుసార్లు విప్పి ఆకురాయి పట్టవలసి వచ్చింది. మూడోసారి కూడా ఆమె మొహమాటపడుతూ ఊరుకోబోతే, నేనే గట్టిగా అడిగి చెప్పించాను. వెర్నియర్ ఆ రోజు తీయలేదు. నేను ముందు చేసిన పనుల్లో ఆమెకు పనికొచ్చింది ఒక్కటే, మీటలు కిందికి మార్చడం. సాయంత్రం ఒంటికొమ్ము గిటారు పెట్టెలో పెట్టుకొని దుకాణం మనిషి వెళ్ళిపోయాడు. ఆమె అటు చూడకుండా వాయించుకుంటూనే ఉంది.

శనివారం సెలెక్షన్‌కు నేను వెళ్ళి హాలు వెనక నిలబడ్డాను. కోఆర్డినేటరుగారు అందరూ నిలబడే వాయించాలన్నారు, స్టేజీకి అదే అందమన్నారు. కరుణ, "నిలబడి నాకు రాదు సార్. కూసుంటె ఐతది. ముందుగాల వినుండ్రి, తర్వాత మీ ఇష్టం," అంది. ఆయన విసుక్కుంటూనే చాప తెప్పించారు. గిటారు జారలేదు. ఆమెను తీసుకున్నారు. ఎలా వాయించిందో చెప్పే జ్ఞానం నాకు లేదు. తర్వాత ఒక అంతర్విశ్వవిద్యాలయ పోటీకి వెళ్ళిన రోజున బృందం మొత్తం చాపల మీదే కూర్చుందని విన్నాను.

చదువు ముగిసేదాకా ఆమె ఆ గిటారే వాయించింది. తర్వాత అది కుడిచేతి కుర్రవాడికి వచ్చింది. దీన్ని ఎవరో పాడుచేశారు, సరిచేయండి అంటూ ఇంకో జాబ్ కార్డు మా షెడ్డుకే వచ్చింది. పాడుచేసినవాడి గడి ఫారంలో లేదు కనుక పని చేసేవాడి గడిలోనే నా పేరు రాసుకొని, ఆ కుర్రవాణ్ణి పిలిపించాను.

ఈ సంఘటనతో నాకు తెలిసింది రెండు సంగతులు. ఒకే వాటమున్న ఇద్దరి చేతులు ఒకేలా పని నేర్చుకోవు. నాకు జరిగిన అన్యాయం ఎదుటివాళ్ళకూ అదే రూపంలో జరిగి ఉంటుందనుకోవడం కొలతలో తప్పు, మంచి మనసుతో చేసినా తప్పే. అప్పటి నుంచి ప్రతి జాబ్ కార్డు అడుగున పెన్నుతో ఒక గడి గీసి, "వాడే మనిషిని పిలిపించి, అడిగి చూడడమైనది" అని రాసి సంతకం పెట్టాను. ఆ గడిని ఫారంలో అచ్చు వేయించమని రెండుసార్లు అర్జీ పెట్టుకున్నాను. నమూనా మార్చే అధికారం వర్క్‌షాపుకు లేదని రెండుసార్లూ జవాబొచ్చింది. ఫారంలో ఆ గడి ఇప్పటికీ లేదట. రిటైరయ్యే రోజు వరకూ నేను గీసుకుంటూనే వచ్చాను. అది నిండకుండా మిషను ఆన్ చేయలేదు.